కుప్పం పోయొచ్చిన కరెంటు కారు

కరెంటు కారు సంగతి నాకు మొదట చెప్పింది ఆదిలక్ష్మి. పుంగనూరులో మా ట్యాక్సీ స్టాండు పక్కన టీ కొట్టు ఆమెది. ఒక ఉదయం పొయ్యి మీద పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా, ఫోను పట్టుకుని నా కారు దగ్గరికి వచ్చింది.

“సరోజక్కా, ఈడ సూడు. డీజిలు లేకుండా పొయ్యే కారంట. ఇంట్లో ప్లగ్గుకు తగిలిస్తే సాలంట.”

“ఫోను మాదిరినా?”

“ఫోను మాదిరే. రెడ్డెప్పన్నకు సూపిస్తే, ‘ఫోను సచ్చిపోతే జోబులో పెట్టుకుంటారు, కారు సచ్చిపోతే యాడ పెట్టుకుంటారు?’ అన్నాడు.”

మా స్టాండు పెద్ద మాటకు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ మధ్యాహ్నం డీజిలు పట్టించుకునేటప్పుడు ఆ మాటే తలలో తిరిగింది.

నేను స్టీరింగు వదిలి ఏడాది దాటింది. మోకాళ్లు ఇక చాలన్నాయి. ఇప్పుడు మదనపల్లెలో డ్రైవింగు నేర్చుకుంటున్న ఆడపిల్లలు కొందరు ఇంటికొచ్చి అడుగుతున్నారు. “అమ్మా, ఈ పని ఎట్లుంటాది? కరెంటు కారు కొంటే బాగుపడతామా, మునిగిపోతామా?” అని. వాళ్ల కోసం రాస్తున్నాను. లైసెన్సు, పర్మిట్టు, ఇన్సూరెన్సు సంగతులు ఎవరైనా చెబుతారు. నేను తప్పు చేసి నేర్చుకున్నవి మాత్రం నేనే చెప్పాలి.

మంచం మీది గురువు

నేను బడికి పోలేదు. మా అమ్మ ఇంట్లోనే అక్షరాలు నేర్పింది. రామనామం రాయిస్తూ రాయిస్తూ రాత పట్టుబడింది. డ్రైవింగు కూడా ఇంట్లోనే వచ్చింది. మా ఆయన బాడుగ కారు నడిపేవాడు. కాలు విరిగి మంచాన పడిన ఏడాది కారు ఊరికే నిలబడిపోయింది. అప్పుడు మేము పెద్దమండ్యం దగ్గర పల్లెలో ఉన్నాం. ఇంటి ముందర శనక్కాయలు ఆరబోసే కళ్లం ఉండేది. ఆయన మంచం గడప దగ్గరికి జరిపించుకుని, అక్కడినుంచే అరిచేవాడు.

“క్లచ్చి తొక్కు మే! అది క్లచ్చి కాదు, బ్రేకు! కోళ్లన్నీ గోడెక్కినాయి సూడు!”

మూడు నెలల్లో కోళ్లు గోడ దిగాయి. ఆయన కాలు బాగుపడిన తర్వాత కూడా, కాపురం పుంగనూరుకు మార్చి, ఆవుల పని, ఇంటి పని తాను చూసుకుని నన్నే అక్కడి స్టాండుకు పంపాడు. “మా ఇంట్లో డ్రైవరు మా ఆవిడే” అని నలుగురిలో చెప్పుకున్నాడు. ఇలాంటి భర్తను ఇచ్చినందుకు దేవుడికి ఎన్ని దీపాలు పెట్టినా తక్కువే.

స్టాండు కట్టుబాటు

డ్రైవరు పనంటే నడపడమనుకుంటారు. నడిపేది తక్కువ, కాచుకునేది ఎక్కువ. ఆసుపత్రి ముందర, రిజిస్ట్రారు ఆఫీసు ముందర, మదనపల్లె టమాటా మార్కెట్టు గేటు ముందర గంటలకు గంటలు కాచుకోవాలి. ఓర్పు లేనివాళ్లు ఈ పనిలోకి రావద్దు. ఆడవాళ్లకైతే ఇంకో పాఠం ఉంది, ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను: ఏ దారిలో ఏ బంకు దగ్గర, ఏ గుడి దగ్గర శుభ్రమైన మరుగుదొడ్డి ఉందో మొదట తెలుసుకోండి. రూట్లు తర్వాత తెలుసుకోవచ్చు.

మా స్టాండుకు పెద్ద రెడ్డెప్పన్న. సదుం ఆయన సొంతూరు. నోరు కారం, చెయ్యి మంచిది. నేను చేరిన కొత్తలో ఆడమనిషి కారు ఎవరెక్కుతారని మిగిలినవాళ్లు గొణిగితే, “కారు ఎక్కేటోడు సీటు సూసుకుంటాడు, సీర సూసుకోడు” అని నోళ్లు మూయించిందీ ఆయనే. సీరియల్ పుస్తకం ఆయన చేతిలో ఉండేది. వచ్చిన వరసలో కార్ల పేర్లు రాస్తాడు. ఎవరి వంతు వస్తే వాళ్లు ఆ బాడుగకు పోవాలి, దగ్గరైనా దూరమైనా. పోనని అంటే పేరు అట్టడుగుకు పోతుంది. అందరికీ అన్నం పెట్టిన కట్టుబాటు అది.

దారులు కూడా ఆయనే నేర్పాడు. అందులో ముఖ్యమైనది దిగుడు. “దిగుడు కనపడంగానే న్యూట్రల్ వేసెయ్యి మే. బండి దాని బరువుకే పోతాది. ఆ డీజిలు నీది.” అది ప్రమాదమని డ్రైవింగు బడిలో నేర్పేవాళ్లు అంటారు, నిజమే అంటారు. అయినా మా స్టాండులో ఎవరూ దిగుడును గేరులో దిగలేదు. ఇరవై ఏళ్లకు పైగా నా ఎడమ చెయ్యి నన్నడక్కుండానే ఆ పని చేసింది.

టీ కొట్టు దగ్గర వాదాలు

పాత డీజిలు కారు ఇంజను పని అడిగినప్పుడు దాన్ని అమ్మేశాను. పాల డబ్బు కొంత కలిపి కరెంటు కారు తెచ్చాను. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి స్టాండులో పెట్టిన రోజే పంచాయితీ మొదలైంది.

“బ్యాటరీ పోతే కొత్త బ్యాటరీ ఖర్సు ఎవురు పెడతారు? ఎద్దు సచ్చిపోతే బండి అమ్ముకున్నట్లుంటాది నీ పని” అన్నాడు రెడ్డెప్పన్న.

టమాటా బుట్టలతో కారు కోసం నిలబడిన సదుం రైతు ఒకాయన అందుకున్నాడు. “మా బోరుకు కరెంటు వచ్చేదానికి సేన్లో పడుకోవాల్సి వస్తాండాది. నీ కారుకు యాడ్నుంచి వస్తాదమ్మా? మా నోట్లోది తీసి మీ కార్లకు పోస్తారా?”

ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ సగం జవాబే ఉంది.

ఇంతలో రెండు పార్టీల వాళ్లూ చేరారు. ఒకాయన, “కరెంటు కార్లకు పన్ను తగ్గించింది మావోళ్లు” అన్నాడు. రెండో ఆయన, “తెచ్చింది మావోళ్లు, మీవోళ్లు రిబ్బను కత్తిరించినారు” అన్నాడు. గొంతులు పెరిగాయి. ఆదిలక్ష్మి గరిటెతో గిన్నె మీద కొట్టింది.

“కారు మీరిద్దురూ తెచ్చినారు, సరే. ఐదు టీలు తాగినారు, ఆ దుడ్లు ఏ పార్టీ తెస్తాదప్పా?”

నవ్వులతో ఆ పూట గడిచిపోయింది. కానీ రెడ్డెప్పన్న నవ్వలేదు. “నవ్వుకోండి. ఈ బండికి కుప్పం బాడుగ తగిలిన పొద్దు సూస్తాము” అన్నాడు. మా స్టాండు నుంచి ఎక్కువగా తగిలే దూరపు బాడుగ అదే. పలమనేరు, వి.కోట, శాంతిపురం దాటి కుప్పం చేరి, మళ్లీ అంత దూరమూ తిరిగి రావాలి. మధ్యలో అప్పటికి కారుకు ఛార్జింగు పెట్టే చోటు ఒక్కటీ లేదు. మదనపల్లెలో మాత్రం ఒకటి ఉండేది, అదీ సగం రోజులు పనిచేయదు.

నా తప్పు

ఆ పొద్దు రానే వచ్చింది, నా తప్పుతోనే వచ్చింది. తెల్లవారి మదనపల్లె మార్కెట్టుకు ఇద్దరు వ్యాపారులను తీసుకుపోయి తెచ్చాను. వచ్చేసరికి బ్యాటరీ సగానికి కొంచెం పైన ఉంది. ఇంటికి పోయి ప్లగ్గు పెడదామనుకునేలోగా నా వంతు వచ్చింది.

వచ్చిన వాళ్లు టైలరు చెంగల్రాయప్పన్న, ఆయన భార్య కమలమ్మ. మా వీధి చివర ఆయన మిషను. పొర కమ్మి రెండు కళ్లూ మసకబారాయి. సూదిలో దారం ఎక్కించడానికి దారిన పోయేవాళ్లను పిలిచేవాడు. కుప్పంలో ఒక ఆసుపత్రిలో కంటి ఆపరేషనుకు ఆ రోజు డేటు ఇచ్చారు. మధ్యాహ్నం లోపల చేరాలి.

“అన్నా, ఈ పొద్దు నా కారుకు శక్తి చాలదు, వెనక కారెక్కు” అని చెప్పి ఉండాల్సింది. చెబితే పేరు అట్టడుగుకు పోతుంది, రెడ్డెప్పన్న నవ్వుతాడు. ఆ నవ్వుకు భయపడి కారు కదిలించాను. పోయేటప్పుడైనా చేరతానులే, కుప్పంలో ఎవరి ఇంట్లోనో ప్లగ్గు అడుగుతానులే అనుకున్నాను. ఎండ మండుతోంది, ఏసీ వేశాను. మధ్యాహ్నం దాటకుండా చేర్చాలని ఎక్కుడులో గట్టిగా తొక్కాను. ప్రతి దిగుడులో నా చెయ్యి న్యూట్రల్ వేసింది. వి.కోట దాటాక తెర మీద బ్యాటరీ అంకె పడిపోవడం చూసి ఏసీ ఆపాను. అప్పటికే ఆలస్యమైంది. శాంతిపురం ఇవతల ఒక పిండి మిల్లు ముందర కారు అడుగు వేయనంది.

చెంగల్రాయప్పన్న తల ఎత్తి, “ఏమ్మా, కుప్పం వచ్చేసినామా?” అని అడిగాడు. ఆయనకు కనపడదు గదా.

“లేదన్నా. శాంతిపురం.”

“ఆసుపత్రి ఈడికి వచ్చినాదేమో, దిగు” అంది కమలమ్మ. నా వైపు చూడలేదు.

రోడ్డు మీద చెయ్యెత్తి బస్సు ఆపి వాళ్లను ఎక్కించాను. వాళ్లు చేరేసరికి ఆ రోజు వరస అయిపోయింది. వచ్చే సోమవారం రమ్మన్నారు. చూపు లేని మనిషిని ఎండలో బస్సెక్కించి పంపాను. నా పని జీవితంలో అంతకంటే సిగ్గుపడిన రోజు లేదు.

గంగులమ్మ చెప్పిన కిటుకు

మిల్లు ఆమె పేరు గంగులమ్మ. ఏమీ అడక్కుండానే లోపలినుంచి వైరు లాగి కారుకు తగిలించింది. జుట్టంతా రాగిపిండి. మూలన ఆమె కరెంటు స్కూటరు ఉంది, చుట్టుపక్కల పల్లెలకు పిండి మూటలు దానిమీదే వేస్తుందట.

“దిగుళ్లలో ఏం సేసినావక్కా?”

“న్యూట్రల్ వేసినా.”

ఆమె నా మొహం చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని పడీపడీ నవ్వింది. “వాన కురస్తా ఉంటే కుండ బోర్లించి పెట్టినావే! దిగుడులోనే గదక్కా అది కరెంటు పోసుకునేది! ఊరికే కాలు తీసెయ్యి, గేరులోనే ఉండనియ్. సక్రం తిరగతా తిరగతా బ్యాటరీ నింపుకుంటాది. న్యూట్రల్ వేస్తే దారం తెంపేసినట్లే.”

కారు అమ్మిన కుర్రాళ్లు ఈ మాట చెప్పారు. నేను వినలేదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నదానికి వాళ్లేం చెబుతారని అనుకున్నాను. పిల్లల్లారా, అనుభవం మంచిదే. కానీ బండి మారినప్పుడు చేతికి మళ్లీ అ ఆలు దిద్దించాలి.

మూడు గంటలకు పైగా ఆమె కరెంటు తీసుకున్నాను. డబ్బు ఇవ్వబోతే, “గంగమ్మ తల్లికి టెంకాయ కొట్టు, పో” అంది.

రెండోసారి గుడ్డ

మరుసటి రోజు స్టాండులో అందరినీ పిలిచాడు రెడ్డెప్పన్న. కోపంగా లేడు, అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

“సరోజమ్మా, నీ మీద నాకు పగ ల్యా. సీరియల్లో ఉండే బండి యాడికి పిలిస్తే ఆడికి పోవాల. పోలేని బండికి సీరియల్లో ఏం పని? నిన్న కండ్లు లేనాయనను దించేసినావు. రేపు కాన్పుకొచ్చిన బిడ్డను దించుతావు.”

ఆయన అన్నది న్యాయం. సీరియల్లో పేరు పోతే నాకు బాడుగలు లేవు, బాడుగలు లేకపోతే కారు లేదు. అప్పుడు కమలమ్మ భుజం పట్టుకుని చెంగల్రాయప్పన్న వచ్చాడు. నన్ను తిట్టడానికే వచ్చాడనుకున్నాను.

“సోమవారం నాకు మళ్లా డేటు ఇచ్చినారు. ఆ పొద్దు ఈయమ్మ కారులోనే పోతా” అన్నాడు.

కమలమ్మ నెత్తి కొట్టుకుంది. “నీకు కండ్లు లేవు సరే, బుద్ధి కూడా ల్యాదా? ఈసారీ నిలబడిపోతే?”

“నేను కొత్తలో ఎన్ని సొక్కాలు సెరిపినానో నీకు తెలీదా మే? రెండోసారి గుడ్డ తెచ్చి ఇచ్చినోడు ఒకడు ఉండబట్టే నేను టైలరు అయినా.”

నేను వద్దన్నాను. ఇంకో కారులో పొమ్మని బతిమాలాను. ఆయన వినలేదు.

రెడ్డెప్పన్న సీరియల్ పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. “సరే. ముందర సీట్లో నేను కూర్సుంటా. పోయొచ్చి బండి ఈ టీ కొట్టు కాడికి సేరాల. మద్దెలో యాడా ప్లగ్గు పెట్టకూడదు. సేరకపోతే పుస్తకంలో పేరు కొట్టేస్తా, సమ్మతమా?”

సమ్మతమన్నాను.

ఆ సోమవారం

ఆ వారమంతా దిగుడు కనబడినప్పుడల్లా ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని నడిపాను. బ్యాటరీ నిండా నింపాను, టైర్లలో గాలి చూపించాను. ఏసీ అక్కర్లేకుండా చల్లగా ఉన్నప్పుడే, దేవుడికి దణ్ణం పెట్టుకుని బయల్దేరాను. వెనక సీట్లో భార్యాభర్తలు. ముందర సీట్లో సీరియల్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని రెడ్డెప్పన్న.

పలమనేరు దాటాక పొడుగాటి దిగుడు వచ్చింది. ఆయన చెయ్యి తనంతట తానే గేరు వైపు వచ్చింది.

“న్యూట్రల్ వెయ్యి మే.”

“వెయ్యనన్నా.”

“నేను నేర్పిందే గదా!”

“నువ్వు నేర్పిందే. అది డీజిలుకు.”

కాలు తీసేశాను. కారు బరువుగా, నిదానంగా దిగింది. దిగుడు అయిపోయేసరికి తెర మీద అంకె ఒకటి పెరిగింది. రెడ్డెప్పన్న కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“ఇది పైకి పొయ్యిందే! మీటరు సెడిపోయిందా?”

“సెడిపోలేదు. దిగుడు మనకు దుడ్లు ఇస్తాండాది.”

“నా జన్మలో ఏ దిగుడూ నాకు దుడ్లు ఇయ్యల్యా” అన్నాడు ఆయన. వెనక నుంచి కమలమ్మ ఆ వారంలో మొదటిసారి నవ్వింది.

శాంతిపురం దాటినప్పుడు పిండి మిల్లు వైపు చూసి హారను కొట్టాను. గంటన్నర ముందుగానే కుప్పం చేరాం. చెంగల్రాయప్పన్నను లోపలికి పంపించి కూర్చున్నాను. నా సగం పందెం అక్కడే గెలిచాను. మిగతా సగం ఓడిపోయినా ఆయన కన్ను మాత్రం వరసలో ఉంది.

వాళ్లిద్దరూ ఆ రాత్రి అక్కడే ఉండాలి. ఖాళీ కారుతో తిరిగొస్తే తేలికే. రెడ్డెప్పన్న ఊరుకుంటాడా? “ఖాళీ బండి గెలిస్తే అది గెలుపు కాదు” అని రైల్వే స్టేషనుకు పోయి, బెంగుళూరు నుంచి దిగిన పుంగనూరు వాళ్లు ముగ్గురిని బ్యాగులతో సహా పట్టుకొచ్చాడు.

వి.కోట దాకా మాటలు సాగాయి. పలమనేరులో వెనక ముగ్గురూ మెడలు చాచి ముందరికి వంగారు. తెర మీద అంకె ఇరవైకి దిగింది. ఇంకా ఎక్కుడులున్నాయి. ఎదురుగాలి. లోపల ఉక్కపోస్తున్నా ఏసీ అడగడానికి ఎవరికీ ధైర్యం లేదు. బ్యాగు ఒళ్లో పెట్టుకున్న పిల్ల ఒకతె, “ఏమైనా దిగి నెట్టాల్నా అంకుల్?” అంది. రెడ్డెప్పన్న వెనక్కి తిరిగి, “ఊపిరి మెల్లగా తీసుకో, బరువు తగ్గతాది” అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది: ఆయన కూడా నేను గెలవాలనే కోరుకుంటున్నాడు. నేను రాముణ్ణి తలుచుకుంటూ, గుడ్ల బుట్ట మోసినట్టు ఆ కారును మోశాను.

పుంగనూరులో టీ కొట్టు ముందర కారు నిలబెట్టినప్పుడు తెర మీద పన్నెండు. స్టాండులో ఉన్నవాళ్లందరూ లేచొచ్చారు. ఆదిలక్ష్మి గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చి అంకె చూసి, జాతరలో మాదిరి ఈల వేసింది. రెండు పార్టీల వాళ్లూ చప్పట్లు కొట్టారు. ఏ పార్టీ గెలిచిందో ఆ పూట ఎవరూ అడగలేదు.

రెడ్డెప్పన్న దిగలేదు. నా పేరు కొట్టకుండానే పుస్తకం మూసి, “ఈడ్నుంచి మా సదుం దాకా పోతాదా?” అన్నాడు.

“పోతాదన్నా. తిరిగొచ్చే దానికి సాలదు. నిజం సెబుతాండాను.”

ఆయన నా వైపు చూశాడు. “మా ఇంట్లో ప్లగ్గు ఉండాది. పోనియ్ బండి.”

కొనాలా, వద్దా

తర్వాత నాలుగేళ్లు ఆ కారే నడిపాను. స్టాండులో ఇంకో రెండు కరెంటు కార్లు చేరాయి. మా కట్టుబాటు కూడా మారింది: కరెంటు కారు వంతు వచ్చినప్పుడు డ్రైవరు ముందే తెర చూపించి, చాలదంటే పేరు కిందికి పోదు, ఒక్క బాడుగ ఆగుతుంది, అంతే. నిజం చెప్పినవాడికి శిక్ష వేస్తే అబద్ధమే నడుస్తుందని రెడ్డెప్పన్నే అన్నాడు.

నా మాట సూటిగా చెబుతాను. రోజూ తిరిగే పనైతే, ఇంటి ముందర కారు పెట్టుకునే చోటు, సొంత ప్లగ్గు ఉంటే కొనండి. డీజిలుకు పోసిన దాంతో పోలిస్తే కరెంటు ఖర్చు నాకు చాలా తక్కువ పడింది, నడుము నొప్పీ తగ్గింది. నెలకు రెండుసార్లు తిరుమల కొండకు పోయి రావడానికైతే వద్దు, అంత డబ్బు పెట్టి నిలబెట్టుకోవడమే. మిద్దె మీద అద్దెకుండి కిందికి వైరు వేలాడదీసేవాళ్లూ ఇప్పుడే వద్దు. బ్యాటరీ భయం ఉత్త భయం కాదు, వారంటీ కాగితం చదివించుకోండి. ఈ కారు పొగ లేనిదని గొప్పలు పోవద్దు. ఆ పొగ ఎక్కడో బొగ్గు కాల్చే చోట వస్తూనే ఉంది. ఆ సదుం రైతు అడిగిన ప్రశ్న ఇంకా అట్లే ఉంది. మిద్దెల మీద, పొలం గట్ల మీద ఎండతో కరెంటు చేసుకునే రోజు దానికి పూర్తి జవాబు వస్తుందని నా నమ్మకం. నాయకులు వచ్చి రిబ్బన్లు కత్తిరిస్తారు, కత్తిరించుకోనివ్వండి. ప్లగ్గులో కరెంటు వస్తోందా లేదా అన్నది మీరు చూసుకోండి.

ఒక మనిషి పేరు

ఆపరేషనైన నెలకు చెంగల్రాయప్పన్న మా ఇంటికి వచ్చాడు. తనంతట తానే, ఎవరి భుజమూ పట్టుకోకుండా వచ్చాడు. చేతిలో కాగితంలో చుట్టిన ఖాకీ చొక్కా ఉంది. చీర మీద వేసుకునేటట్టు పొడుగ్గా, లైసెన్సుకు ఒకటి, కళ్లద్దాలకు ఒకటి జేబులు పెట్టి కుట్టాడు. “కన్ను వచ్చినాక కుట్టిన మొదటి బట్ట. వంకర ఉంటే సెప్పమ్మా, ఇప్పి కుడతా” అన్నాడు. కుట్టు మీద వేలు పెట్టి చూశాను. ఎక్కడా వంకర లేదు. పని మానేసే రోజు వరకు దాన్నే వేసుకున్నాను.

పిల్లల్లారా, మీరూ తప్పు చేస్తారు. మిమ్మల్ని నమ్మి ఎక్కినవాళ్లను ఎప్పుడో ఒకసారి నడిరోడ్డు మీద దించుతారు. అప్పుడు మీ కారు తలుపు మళ్లీ తెరిచి కూర్చునేవాళ్లు చాలా తక్కువమంది ఉంటారు. నాకు ఒక్కడున్నాడు, నాకు అది చాలింది. కళ్లు కనపడని మనిషి, తన కన్నునే పణంగా పెట్టి, నా కారులో రెండోసారి ఎక్కాడు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆయన పేరు ఒక్కసారి తలుచుకోండి: పుంగనూరు టైలరు చెంగల్రాయప్ప.